పెళ్లి డీవీడీ సైజు మీద ఒక తప్పుడు నమ్మకం

ఏలూరు, తాడేపల్లిగూడెంలలో, కైకలూరు, ఆకివీడు లాంటి కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో డీవీడీలు రాజ్యమేలిన రోజుల్లో జరిగిన పెళ్లిళ్లు ఇప్పటికీ చాలావరకు ఆ డిస్కుల్లోనే ఉన్నాయి. ద్వారకా తిరుమల కొండ మీద కట్టిన తాళి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, తాతగారి షష్టిపూర్తి, అంతకుముందు క్యాసెట్లలో ఉండి తర్వాత డిస్కుల్లోకి ఎక్కిన పాత వేడుకలు, అన్నీ వాటిలోనే. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే డ్రైవు లేదు. ఇళ్లలో ప్లేయర్లు మూలపడ్డాయి. అందుకని జనం ఆ డిస్కులను స్టూడియోకు తీసుకెళ్లో, కంప్యూటర్ తెలిసిన కుర్రాడి చేతికిచ్చో పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటున్నారు. ఈ పనిలో అందరూ ఒప్పుకున్న నమ్మకం ఒకటుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు ఒక సైజు చెప్పాలి, అది ఆ సైజులో ఫైలు చేసివ్వాలి. చెప్పినదానికంటే పెద్దదో చిన్నదో వస్తే సాఫ్ట్‌వేర్ మంచిది కాదు, ఇంకోటి వేసి చూడాలి. సైజు కుదిరిందంటే పని అయిపోయినట్టే. ఈ మూడు మాటలూ తప్పేనని నా వాదన. సైజులో వచ్చిన తేడా చాలాసార్లు డిస్కు తన గురించి తాను చెబుతున్న సమాచారం. దాన్ని చదవకుండా సాఫ్ట్‌వేర్లు మారుస్తూ పోతే ఏదో ఒకచోట సైజు కుదురుతుంది, బొమ్మ మాత్రం పోతుంది.

ముందు లెక్క చూద్దాం. వీడియో సైజు అంటే సెకనుకు వాడిన బిట్లను మొత్తం సెకన్లతో హెచ్చవేయడమే. మామూలు సింగిల్ లేయర్ డీవీడీలో సుమారు 470 కోట్ల బైట్లు పడతాయి. అట్ట మీద 4.7 జీబీ అని అచ్చువేసేది దీన్నే. విండోస్ 1024ల చొప్పున లెక్కిస్తుంది కనుక అదే డిస్కును 4.37 జీబీ అని చూపిస్తుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా చూసి కంపెనీ మోసం చేసిందనో, సాఫ్ట్‌వేర్ కొంత మింగేసిందనో అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎవరూ ఏమీ మింగలేదు. ఆ 470 కోట్ల బైట్లలో గంట వీడియో పెడితే, డీవీడీ ప్రమాణం బొమ్మకు అనుమతించే గరిష్ఠ వేగం, అంటే సెకనుకు 9.8 మెగాబిట్లు, దాదాపు పూర్తిగా ఇవ్వొచ్చు. రెండు గంటలైతే ధ్వనితో కలిపి సెకనుకు 5.2 మెగాబిట్లే వస్తాయి. మూడు గంటలైతే 3.5, నాలుగు గంటలైతే 2.6. మన పెళ్లి గంటలో ముగిసేది కాదు. స్నాతకం, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, ఆపైన రిసెప్షన్. ఇదంతా ఒకే డిస్కులో ఇమ్మని అడిగితే స్టూడియో అప్పుడే పిండి ఇచ్చింది. అదే క్యాసెట్ నుంచి రికార్డరులో ఎల్‌పీ మోడ్‌లో ఎక్కించిన డిస్కయితే నాలుగు గంటలు పట్టించడానికి చాలా రికార్డర్లు బొమ్మ వెడల్పునే సగం చేసేవి. డిస్కు నిండుగా ఉంది కాబట్టి బొమ్మ బాగుంటుందని, కాస్త పిండినా ఏం కాదని అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. నిండుగా ఉన్న డిస్కు మామూలుగా అప్పటికే పిప్పి అయిన డిస్కు.

సెకనుకు ఎన్ని బిట్లు కావాలన్నది దృశ్యాన్ని బట్టి మారుతుంది. సైజు రహస్యమంతా ఇందులోనే ఉంది. మన దేశపు డీవీడీలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. డీవీడీ వాడే ఎంపెగ్-2 పద్ధతి ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచుకోదు. సుమారు అర సెకనుకొక ఫ్రేమును పూర్తిగా ఉంచి, మధ్యలోవాటికి ఏం కదిలిందో, ఏం మారిందో మాత్రమే రాసుకుంటుంది. పంతులుగారు కూర్చుని మంత్రాలు చదువుతుంటే రాయాల్సింది తక్కువ. తలంబ్రాలు మొదలయ్యాయనుకోండి. పసుపు బియ్యం, థర్మోకోల్ ముత్యాలు, తళుకు కాగితాలు ఒక్కసారిగా గాల్లోకి లేస్తాయి. ఏ గింజా ముందు ఫ్రేములో ఉన్న చోట ఉండదు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొడతాడు. ఆ ఫ్రేము తెల్లబడిపోయి ముందుదానితోనూ వెనకదానితోనూ పోలిక తెగిపోతుంది. ఆ కొద్ది సెకన్లకే మంత్రాల ఘట్టం కంటే ఎన్నో రెట్లు బిట్లు కావాలి. కొల్లేటి నీళ్లు ఇంకా కష్టం. గాలికి చెదిరే అలల మీద ఎండ మెరుపు, ఊగే గుర్రపుడెక్క, ఆటపాక దగ్గర గుంపుగా లేచే గూడబాతులు, వీటిలో పక్క ఫ్రేమును చూసి ఊహించగలిగింది చాలా తక్కువ. పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి ఎక్కిన వీడియోలో ఉండే గరగర కూడా ఇలాంటిదే. ప్రతి ఫ్రేములోనూ కొత్తగా పుడుతుంది, ప్రతిసారీ బిట్లు తింటుంది. కాబట్టి ఒకే నిడివి ఉన్న రెండు డిస్కులు ఒకే సెట్టింగులో రెట్టింపు తేడాతో రావడం సాఫ్ట్‌వేర్ లోపానికి గుర్తు కాదు. అది తన పని సరిగ్గా చేస్తోందనడానికి గుర్తు.

మరి డిస్కును ఒక అంకెకు దించాలన్న పట్టుదల ఎక్కడిది? ఇది హాలీవుడ్ సినిమా డిస్కుల కాలం నాటి అలవాటు. డీవీడీ ష్రింక్ (దాని చివరి వెర్షన్ 2004 నాటిది) లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు రెండు లేయర్ల 8.5 జీబీ డిస్కును సింగిల్ లేయర్ ఖాళీ డిస్కులో పట్టించడానికి పుట్టాయి. రెండు గంటల సినిమాకు అదనంగా ఇంటర్వ్యూలు, నాలుగు భాషల ధ్వని, ప్రకటనలు ఉండేవి. అవి తీసేస్తే అసలు సినిమాను పెద్దగా నొక్కాల్సిన పని ఉండేది కాదు. తెలుగు సినిమా సంగతి వేరు. ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు. తీసేయడానికి అదనపు సరుకు అంతగా లేదు, నొక్కుడంతా బొమ్మ మీదే పడుతుంది. ఆపైన 2007లో మోజర్ బేర్ 34 రూపాయలకే సినిమా డీవీడీ అమ్మడం మొదలుపెట్టింది. బజారులో ఒకే డిస్కులో మూడు సినిమాలు కూడా దొరికాయి. తొమ్మిది గంటల సినిమాను 8.5 జీబీలో పెడితే సెకనుకు 2.1 మెగాబిట్లే మిగులుతాయని ఎవరూ లెక్క వేసుకోలేదు. మూడు సినిమాలు పట్టినప్పుడు నాలుగు గంటల పెళ్లి పట్టదా అన్న ధీమా మాత్రం మిగిలింది. (చాలా సినిమా డిస్కులకు సాంకేతిక తాళం ఉంటుంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో దాన్ని తీయడాన్ని కాపీరైట్ చట్టానికి 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షన్ నేరంగా చూస్తుంది. నేను మాట్లాడుతున్నది ఇంటివాళ్లు డబ్బిచ్చి తీయించుకున్న సొంత డిస్కుల గురించే.)

ఈ సాఫ్ట్‌వేర్లు లోపల చేసే పని తెలిస్తే అవి చెప్పిన సైజుకు ఎందుకు రావో అర్థమవుతుంది. ఎంపెగ్-2 బొమ్మను ఎనిమిదేసి చుక్కల గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని వివరాన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెలను సవరించి దాస్తుంది. డీవీడీ ష్రింక్ బొమ్మను మళ్లీ మొదటినుంచి తయారుచేయదు. అప్పటికే సవరించిన అంకెలనే ఇంకాస్త మోటుగా సవరిస్తుంది. పదులకు సవరించిన జమాఖర్చును మళ్లీ వందలకు సవరించడం లాంటిది ఇది. చిన్న అంకెలన్నీ సున్నాలవుతాయి, మళ్లీ రావు. ఈ పద్ధతికి ఒక హద్దుంది. అప్పటికే సెకనుకు 2.6 మెగాబిట్లకు పిండిన డిస్కులో సున్నా చేయడానికి మిగిలిన అంకెలు కొన్నే. అందుకే సగానికి దించమంటే అది దిగదు. లోపం అనుకుని ఇంకో సాఫ్ట్‌వేర్‌తో బలవంతంగా దించితే, బొమ్మను ఇంకా చెడనివ్వకుండా కాపాడిన గోడనే కూల్చినట్టు. డీప్ అనాలసిస్ అనే ఆప్షన్ డిస్కునంతా ముందు ఒకసారి చదివి ఎక్కడ ఎన్ని బిట్లు కావాలో లెక్క తీస్తుంది. తొందరపడి దాన్ని వదిలేస్తే అంచనా తప్పుతుంది, సైజు అటో ఇటో వస్తుంది. ఇక ధ్వనిని ఈ సాఫ్ట్‌వేర్ అసలు పిండదు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. కొన్ని ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లు ధ్వనిని పీసీఎం రూపంలో, ఏమాత్రం కుదించకుండా డిస్కులో పెట్టేవి. రెండు చానళ్లకు సెకనుకు 1.536 మెగాబిట్లు. మూడు గంటల వీడియోలో అది 2 జీబీ దాటుతుంది, అంటే డిస్కులో దాదాపు సగం. సన్నాయికీ సినిమా పాటల మిక్సింగుకూ సగం డిస్కు ఇచ్చి, మిగిలిన సగంలో పెళ్లినంతా కుక్కారన్నమాట. అదే ధ్వని ఏసీ-3 అనే కుదించిన రూపంలో సెకనుకు 192 కిలోబిట్ల చొప్పున 260 ఎంబీలో సరిపోతుంది. సైజు తప్పనిసరిగా తగ్గించాల్సి వస్తే ముందు చూడాల్సింది ఇక్కడ. బొమ్మలో ఒక్క చుక్కను ముట్టుకోకుండా పావుదక్కువ 2 జీబీ మిగులుతుంది. సాఫ్ట్‌వేర్లు మారుస్తూ పోయేవాళ్లు ఈ సంగతి ఎప్పటికీ చూడరు, ఎందుకంటే వాళ్ల కళ్లు ఒకే అంకె మీద ఉంటాయి.

సైజు చిన్నదిగా వస్తే సంతోషించేవాళ్లకు చెప్పాల్సింది ఇంకా ఎక్కువ. డీవీడీలో వీడియో ఒకే ఫైలుగా ఉండదు. వీడియో టీఎస్ అనే ఫోల్డరులో ఒక్కోటి 1 జీబీకి మించని వాబ్ ఫైళ్లుగా ముక్కలై ఉంటుంది. వాటిలో మొదటి పెద్ద ముక్కను కాపీ చేసి టీవీలో పెట్టి చూస్తే పెళ్లికూతురు వస్తుంది, పాట వస్తుంది, అంతా బాగానే ఉంటుంది. తాళి కట్టే ఘట్టం మూడో ముక్కలో ఉంటుంది. 1 జీబీయే వచ్చింది, ఎంత బాగా కంప్రెస్ అయిందో అనుకుని డిస్కు పారేస్తే ఆ ఘట్టం పోయినట్టే. ఇంకోటి డిస్కు పాడవడం. రాసుకునే డీవీడీలో సమాచారం ఉండేది రంగు రసాయనపు పొరలో. వేడీ తేమా దానికి శత్రువులు. కొల్లేటి పక్క ఊళ్లలో రెండిటికీ కొదవ లేదు. పొర చెడిన చోట డ్రైవు చదవలేదు. చదవలేని చోట్లను దాటుకుంటూ పొమ్మని సెట్టింగు పెట్టి ఉంటే సాఫ్ట్‌వేర్ అలాగే దాటుకుంటూ పోయి, చివరికి పని పూర్తయిందనే చెబుతుంది. అనుకున్నదానికంటే 300 ఎంబీ తక్కువ వచ్చిందంటే అది పొదుపు అయి ఉండొచ్చు, పోయిన పది నిమిషాల పెళ్లీ అయి ఉండొచ్చు. తేల్చుకునే దారి ఒక్కటే. మూలంలో నిడివి ఎంత, ఫైలులో నిడివి ఎంత అని నిమిషాలు, సెకన్లతో సహా పోల్చి చూడాలి. సైజు చూసేవాళ్లు నిడివి చూడరు. బ్యాకప్ పూర్తిగా వచ్చిందా లేదా చెప్పేది మాత్రం నిడివే.

పెద్దదిగా వచ్చే కేసుల్లో కొన్నింటిని తొందరగా తేల్చేయొచ్చు. డిస్కు మెనూలో ‘మొత్తం చూడండి’ అని ఒకటి, ఘట్టాలకు విడివిడిగా ఇంకొన్ని టైటిళ్లు ఉంటే అవన్నీ అదే వీడియోను చూపిస్తుంటాయి. అన్నింటినీ టిక్కు పెట్టి తీస్తే ఒకే పెళ్లి రెండుసార్లు వస్తుంది, 4.3 జీబీ డిస్కు నుంచి 8 జీబీ బయటికొస్తుంది. పొడవైన టైటిల్ ఒక్కటీ తీస్తే చాలు. పెన్‌డ్రైవు ‘ఫైలు మరీ పెద్దది’ అంటే అది ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీని దాటకూడదు. దానికి మందు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్. ఈ చిన్న అడ్డంకి కోసం పెళ్లిని పిండడం అన్యాయం. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు మూలం కంటే పెద్దదిగా వచ్చిందన్న ఫిర్యాదు మాత్రం కాస్త ఆలోచించాల్సినది. హ్యాండ్‌బ్రేక్ మామూలుగా స్థిర నాణ్యత పద్ధతిలో నడుస్తుంది. మీరు నాణ్యత అంకె ఇస్తారు, సైజు దానంతట అది వస్తుంది. ఒకప్పుడు అందులోనూ ‘ఇన్ని ఎంబీలు’ అని కోరుకునే ఆప్షన్ ఉండేది. దాన్ని తయారుచేసినవాళ్లే తీసేశారు. గరగర నిండిన వీహెచ్‌ఎస్ పెళ్లిని నాణ్యత చెడకుండా ఉంచమంటే, ఆ గరగరను, పాత పిండుడు వదిలిన గళ్లను కూడా అది వివరంగానే భావించి జాగ్రత్తగా దాస్తుంది, అందుకు బిట్లు ఖర్చు పెడుతుంది. ఎంపెగ్-2 తర్వాత వచ్చిన కొత్త పద్ధతి సగం సైజులో అదే నాణ్యత ఇస్తుందన్న మాట శుభ్రమైన మూలానికి నిజం. రెండుసార్లు పిండిన మూలానికి అదే హామీ ఇవ్వడం కుదరదు.

దీనికంతటికీ వచ్చే పెద్ద అభ్యంతరం ఒకటే. ‘కంటికి తెలియని తేడా కోసం ఇంత గొడవెందుకు?’ ఆ డిస్కులు చూసింది 21 అంగుళాల పాత టీవీలో కాబట్టి తెలియలేదు. ఇప్పుడు హాల్లో 43, 55 అంగుళాల టీవీ ఉంది. 720 చుక్కల బొమ్మను అది సాగదీసి చూపిస్తుంది, గళ్లను కూడా సాగదీస్తుంది. ఇంకో సంగతి. మోటుగా సవరించినప్పుడు ముందు పోయేది ముఖం కాదు. చీర జరీ, జుట్టు, చీకటి మూలలు, వెనక దూరంగా ఉన్నవన్నీ పోతాయి. కొల్లేటి ఊళ్లకు ఆ వెనక ఉన్నది చిన్న విషయం కాదు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను పగలగొట్టారు. ఆ మార్పులకు ముందూ తర్వాతా సరస్సు ఎలా ఉండేదో పరిశోధకుల ఫొటోల కంటే ఎక్కువగా దొరికేది జాతరల, పెళ్లి ఊరేగింపుల, పడవ ప్రయాణాల వీడియోల్లోనే అని నేను నమ్ముతున్నాను. పెళ్లికొడుకు వెనక కనిపించే గట్టు ఎక్కడుందో, నీరు ఎంతవరకు ఉందో ఆ దూరపు వివరంలోనే తెలుస్తుంది. దాన్ని గళ్లుగా మార్చేస్తే ముఖాలు మిగులుతాయి, ఊరు పోతుంది.

‘చోటు ఎక్కడిది, ఖర్చు ఎవరిది?’ అన్నది రెండో అభ్యంతరం. ఖాళీ డిస్కే ఏకైక దారి అయిన రోజుల్లో ఈ ప్రశ్నకు బలం ఉండేది. ఆ రోజులు పోయాయి. ఖాళీ డిస్కులతోనే పేరు తెచ్చుకున్న మోజర్ బేర్‌ను మూసివేయాలని 2018లో ట్రైబ్యునల్ ఆదేశించింది. 1 టీబీ హార్డ్‌డిస్కులో నాలుగేసి డిస్కుల పెళ్లిళ్లు ఏమీ తగ్గించకుండా 50 పడతాయి. వీధి మొత్తం పెళ్లిళ్లు ఒక హార్డ్‌డిస్కులో సర్దుకుంటాయి. ఫోన్లో పంపుకోవాలి, అమెరికాలో ఉన్న అమ్మాయికి చూపించాలి అనేవాళ్లకు చిన్న ఫైలు కావాలి, కాదనను. అది పంచుకునే కాపీ. దాన్ని ఎంత కావాలంటే అంత పిండుకోవచ్చు. అది ఉంది కదా అని మూలాన్ని పారేయడం మాత్రం కూడదు. ఈ రెంటినీ ఒకటిగా చూడబట్టే స్టూడియోవాళ్లు కూడా అడిగిన చిన్న ఫైలు ఒక్కటే ఇచ్చి డిస్కు తిరిగి ఇచ్చేస్తున్నారు. అడిగేవాడు సైజు తప్ప ఇంకేమీ అడగనప్పుడు వాళ్లను ఒక్కళ్లనే తప్పుపట్టలేం.

అందుకే అడగడం మార్చండి. స్టూడియోకు వెళ్లినప్పుడు ‘ఎన్ని జీబీలకు వస్తుంది’ అనే ముందు, డిస్కు డిస్కుకూ ఐఎస్‌ఓ కాపీ, అంటే డిస్కు మొత్తం ఒకే ఫైలుగా, యథాతథంగా తీసివ్వమని అడగండి. దాని నిడివిని డిస్కు నిడివితో పోల్చి చూపించమనండి. చదవలేని చోట్లు ఉంటే ఎన్ని, ఎక్కడో రాసివ్వమనండి, అలాంటి డిస్కును వేరే డ్రైవులో ఇంకోసారి ప్రయత్నించమనండి. చిన్న ఫైలు కావాలంటే ఆ తర్వాత, ఆ కాపీ నుంచి చేయించుకోండి. ఈ వానాకాలం రాకముందే ఈ పని పెట్టుకోండి. డిస్కులోని రంగు పొర మనకోసం ఆగదు. నాలుగు డిస్కుల పెళ్లి ఒక్క చుక్క తగ్గకుండా మొత్తం తీసినా 19 జీబీ దాటదు.